ఫైలంటే ఆకురాయి

మొన్నొక కాల్‌లో కెమెరా ఆపడం మర్చిపోయాను. మా డామేజరు (మేనేజరు అని చదువుకోండి) నా వెనకాల ఉన్న వస్తువుని చూసి "ఇంట్లో జిమ్ పెట్టావా?" అని అడిగాడు. ఆయన తప్పు లేదు లెండి. నల్లటి గ్రానైటు బండ, దాని మీద ఇనప పలకలు, రెండు పక్కలా కడ్డీలు, వేలాడే తీగలు. ఎవరు చూసినా అలాగే అనుకుంటారు. మా అమ్మయితే దానికి "నీ రెండో సంసారం" అని పేరు పెట్టింది. (మొదటిది ఇంకా కుదరలేదు, అది వేరే టపా :))

సదరు వస్తువు పేరు సీఎన్‌సీ రౌటర్. రౌటర్ అనగానే మీకు వైఫై డబ్బా గుర్తొస్తే మీరూ నేనూ ఒకే తానులో ముక్కలం. ఇది అది కాదు. గిర్రున తిరిగే కట్టర్‌ని కంప్యూటర్ చెప్పినట్టు ముందుకీ వెనక్కీ, పక్కకీ, పైకీ కిందకీ నడిపించి, చెక్కనో లోహాన్నో కావలసిన ఆకారంలో చెక్కే యంత్రం. దీన్ని విజయనగరంలో మా ఇంటి వెనక గదిలో నేనే కట్టాను. "నేనే" అన్నది ఎంత అబద్ధమో చెప్పడానికే ఈ టపా.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. చేసేది సాఫ్ట్‌వేరు. ఇలాంటివాళ్లు మనలో ఎంతమందో లెక్కపెట్టడం దండగ, మీ టీములోనే ఇద్దరుంటారు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి మూటాముల్లె సర్దుకుని ఇంటికొచ్చాను. తర్వాత కూడా నెలకొకసారి ఆఫీసులో మొహం చూపిస్తే చాలన్నారు కాబట్టి ఇక్కడే ఉండిపోయాను. రాత్రుళ్లు వీడియోలు చూసీ చూసీ ఓ రోజు బుర్రలో పురుగు తొలిచింది. మెకానికల్ డిగ్రీ ఉంది, కోడింగు వచ్చు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, ఈ పనికి నాకన్నా అర్హుడెవడు?

నా మట్టుకు నాకు ఆ పొగరు చాలాకాలమే నిలిచింది. ఎందుకంటే సాఫ్ట్‌వేరు భాగం ఒక్క సాయంత్రంలో అయిపోయింది. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలే స్కోగ్‌స్రుడ్ మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్ ఉంది. ఉచితం, సోర్సు కూడా ఇస్తారు. ఆర్డ్యునో ఉనో బోర్డులో ఉండే 32 కేబీ ఫ్లాష్‌లో కూర్చుంటుంది. ర్యామ్ 2 కేబీ. మన ఆఫీసు ఈమెయిళ్ల కింద ఉండే లోగో అంతకన్నా బరువు! అంత చిన్న చోట మూడు మోటార్లని ఒకేసారి, వేగం పెంచుతూ తగ్గిస్తూ, లయ తప్పకుండా నడిపిస్తుంది. ఆ కోడు చదివితే మనం రోజూ రాసేదాని మీద కొంచెం సిగ్గేస్తుంది కూడా.

లెక్క కూడా సులువే. స్టెప్పర్ మోటారు ఒక్కో అడుగుకి 1.8 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 200 అడుగులు. డ్రైవరు ఒక్కో అడుగునీ ఎనిమిది ముక్కలు చేస్తే 1600. మరకడ్డీ ఒక చుట్టు తిరిగితే 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. 1600ని 5తో భాగిస్తే మిల్లీమీటరుకి 320 అడుగులు. అంటే కాగితం మీద నా యంత్రం మిల్లీమీటరులో మూడు వందల ఇరవయ్యో వంతు దాకా జరగగలదన్నమాట. కట్టర్ స్థానంలో పెన్ను కట్టి "విజయనగరం" అని రాయిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ రోజు మా వీధిలో నన్ను పట్టేవాడు లేడు.

(పాత సంగతొకటి. ఈ విద్యకి మొదటి బహిరంగ ప్రదర్శన 1952లో ఎంఐటీలో జరిగింది. హెలికాప్టరు రెక్కల వంపులు లెక్కతో కొయ్యాలని జాన్ పార్సన్స్ అనే ఆయన తలపెట్టిన పని. చిల్లులు పొడిచిన టేపు చదివి మిల్లింగు మిషను నడిచింది. అప్పుడు కష్టమైనది కంప్యూటరు భాగం. మిషను అప్పటికే బాగా తెలిసిన వస్తువు. నా విషయంలో సరిగ్గా తిరగబడింది.)

పెన్ను తీసి కట్టర్ పెట్టాను. కింద అల్యూమినియం పలక. స్టార్టు నొక్కాను.

ఆ కేక వర్ణించలేను. పక్కింటి పిన్ని పరిగెత్తుకొచ్చి "ఏటయిందిరా, పిల్లి నలిగిపోనాదా?" అంది. కట్టర్ వణుకుతూ, పలకని కొరుకుతూ, రెండు అంగుళాలు వెళ్లి టప్పున విరిగింది. ఆరు వందల రూపాయల కట్టర్. ఆ వారంలో నాలుగు విరిగాయి. ఇవి చాలవన్నట్టు స్పిండిల్ ఆన్ చేసినప్పుడల్లా ఎవరూ ముట్టుకోని లిమిట్ స్విచ్ నొక్కినట్టు అలారం మోగేది. అది తీగల్లో దూరే విద్యుత్ రొద. షీల్డు ఉన్న కేబుల్ వేసి, ఎర్తింగు సరిచేస్తే పోయింది. కరెంటు పోయినప్పుడల్లా యంత్రం తానెక్కడుందో మర్చిపోయేది, దానికో చిన్న యూపీఎస్. ఇవన్నీ గూగులిస్తే దొరికే జవాబులే. కట్టర్ ఎందుకు విరుగుతోందో మాత్రం ఎంత గూగులించినా నాకు ఎక్కలేదు.

ఎక్కకపోగా తప్పు మందు వేశాను. ఏదైనా తేడాగా ఉంటే మనమేం చేస్తాం? జాగ్రత్తగా, నెమ్మదిగా వెళ్తాం. నేనూ నిమిషానికి 100 మిల్లీమీటర్లకి తగ్గించాను. లోహం దగ్గర ఇది ఆత్మహత్య. కట్టర్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతోంది, దానికి ఒకే పన్ను. నిమిషానికి 100 మిల్లీమీటర్లే నడిస్తే ఒక్కో చుట్టులో పన్ను తీసే పొర మిల్లీమీటరులో నూట ఎనభయ్యో వంతే. వెంట్రుక మందంలో పదో వంతు లేదు. అంత పల్చటి పొరని పన్ను కొయ్యలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి అల్యూమినియం మెత్తబడి కట్టర్‌కి అంటుకుంటుంది, ఆపైన టప్పు. పన్నుకి 0.03 మిల్లీమీటర్ల పొరయినా దొరకాలి, అంటే నిమిషానికి 540 మిల్లీమీటర్ల వేగం. కానీ ఆ వేగంతో నడిపిస్తే నా యంత్రం మొత్తం గజగజలాడింది. నెమ్మదిగా వెళ్తే అంటుకుపోవడం, వేగంగా వెళ్తే ఒణుకు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

అప్పుడు వెళ్లాను మేస్త్రి గారి దగ్గరికి.

ఊరి చివర ఆయనకో లేత్ షాపు ఉంది. రేకుల షెడ్డు, ఒక పాత లేత్, ఒక డ్రిల్లింగు మిషను, బెంచి వైసు, గోడకి దేవుడి పటం, నేలంతా ఇనప రజను. కుర్రతనంలో ఒక జూటు మిల్లు వర్క్‌షాపులో హెల్పరుగా చేరి పని నేర్చుకున్నారు. రైసు మిల్లుల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, బోరు మోటార్ల బుష్షులు, ఏది విరిగినా చుట్టుపక్కల నుంచి ఆయన దగ్గరికే వస్తాయి. నేను ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ చూపించబోతే, "బొమ్మెందుకు బాబూ, మిషన్ని సూద్దాం" అని సైకిలెక్కారు.

వచ్చి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగారు. జేబులోంచి డయల్ గేజి తీసి కట్టర్‌కి ఆనించారు. బొటనవేలితో మెల్లగా తోశారు. ముల్లు నలభై గీతలు కదిలింది. ఒక గీత అంటే 0.01 మిల్లీమీటరు. మిల్లీమీటరుకి 320 అడుగులని నేను విర్రవీగిన యంత్రం బొటనవేలికి 0.4 మిల్లీమీటరు ఒంగింది!

"మిషను కట్టమంటే పందిరేసినావేటి బాబూ," అన్నారు.

ఆయన చూపించినవన్నీ నేను పరీక్షల్లో రాసినవే, అదే అసలు బాధ. కట్టర్‌ని పట్టుకునే భాగం బయటికి వేలాడుతోంది. మా ఊళ్లో పైడితల్లమ్మ పండక్కి సిరిమాను చూసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు. అంత లావు చింతమాను కూడా ఒక చివర ఆనుకుని రెండో చివర గాల్లో ఉంటే ఆ కొస ఎలా ఊగుతుందో తెలుసు. వేలాడే పొడవు సగం చేస్తే ఒంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది, పొడవుకి ఘనం కాబట్టి. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఆ లెక్కకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి. అల్యూమినియం కన్నా ఉక్కు దాదాపు మూడు రెట్లు బిర్రు అనీ చదివాను. అయినా చూడ్డానికి ముచ్చటగా ఉందని, తేలికగా బోల్టులతో బిగుస్తుందని అల్యూమినియం ప్రొఫైళ్లతో కట్టాను. మేస్త్రి గారికి ఆ సూత్రం పేరు తెలీదు. బొటనవేలికి తెలుసు.

మళ్లీ మొదట్నుంచి కట్టాం. బేసు కోసం టెక్కలి వైపు ఒక గ్రానైటు పాలిషింగు యూనిట్లో ముక్కలుగా పడి ఉన్నదాంట్లోంచి 60 మిల్లీమీటర్ల మందం బండ తెచ్చాను. శ్రీకాకుళం బ్లూ అని మన గ్రానైటు దేశదేశాలకీ వెళ్తుంది కదా, ఒక ముక్క మా ఇంటికొచ్చింది. 800 బై 600, దాదాపు 78 కిలోలు, మోయడానికి ముగ్గురం. రాయి ఒణుకుని మింగేస్తుంది, ఎండకీ వానకీ ఇనుమంతగా సాగదు. కొలతల లాబుల్లో సర్ఫేస్ ప్లేట్లు గ్రానైటువి పెట్టేది అందుకే. పక్క పలకలు 16 మిల్లీమీటర్ల ఇనుముతో మేస్త్రి గారే చేశారు. మా సముద్రపు గాలికి తుప్పు పడుతుంది కదా అంటే, "నూని రాయి, సోమరితనం సెయ్యకు" అన్నారు. అంతే మందు.

అన్నీ బిగించాక రెండు పట్టాలు ఒకదానికొకటి సమాంతరంగా లేవు, ఒకవైపు పావు మిల్లీమీటరు తేడా. నేను వెంటనే సాఫ్ట్‌వేర్‌లో సర్దుబాటు రాద్దామన్నాను. ఆయన నవ్వి, థమ్సప్ డబ్బా కత్తిరించి, ఆ రేకు ముక్కలు ఒకటొకటిగా పలక కింద దూర్చారు. డబ్బా రేకు మిల్లీమీటరులో సుమారు పదో వంతు మందం ఉంటుంది. రెండు ముక్కలు పెట్టి, మిగిలినది ఎత్తుగా ఉన్నచోట నీలం రంగు పూసి, అంటుకున్న చుక్కల దగ్గర మాత్రం ఆకురాయితో రాశారు. పూయడం, ఆనించి చూడ్డం, రాయడం. మూడు రోజులు. మధ్యలో నన్ను "ఆ ఫైలిలా ఇయ్యి" అన్నారు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను. నిజంగానే చూశానండీ.

నాలుగో రోజు బొటనవేలి పరీక్ష. నాలుగు గీతలు.

540 వేగంతో నడిపాను. కేక లేదు, ఒక్కటే హమ్మని శబ్దం, కొబ్బరికోరులా రజను. మధ్యమధ్య బ్రష్షుతో కొంచెం కిరసనాయిలు. అంచు మీద వేలు పెడితే నున్నగా జారింది. ఇనుము కూడా కోద్దామా అన్నాను ఉత్సాహంలో. మామూలు హైస్పీడ్ స్టీలు కట్టర్‌తో ఇనుము కోయాలంటే అంచు నిమిషానికి పాతిక మీటర్లకి అటూఇటూగా నడవాలి. 6 మిల్లీమీటర్ల కట్టర్‌కి 1,400 చుట్లు చాలు. నా స్పిండిల్ తిరిగేది దానికి పది రెట్ల పైమాట, పైగా అడుగు వేగాల్లో బలం ఉండదు. అల్యూమినియం, ఇత్తడి, అంతవరకే. అంతర్జాలంలో "ఇంట్లో కట్టిన రౌటర్‌తో స్టీలు కోశాం" అనే వీడియోలు చూసి ఖర్చు పెట్టబోయేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. నాకు మొత్తం 85 వేలు దాటింది, అందులో ముప్పై వేలు మొదటి పందిరికే.

ఇప్పుడు అసలు సంగతి. సిగ్గుపడాల్సిన సంగతి.

మూడు రోజుల పనికి మేస్త్రి గారు 1,800 అడిగారు. నేను "కొంచెం చూడండి మేస్త్రి గారూ" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, నోటికి అలవాటు. ఆయన మాట్లాడకుండా 1,500 తీసుకున్నారు. ఆ రాత్రి క్లయింటుకి పంపే టైంషీటు నింపుతుంటే నా గంట రేటు కనిపించింది, డాలర్లలో. నాకు దక్కేది అందులో కొసరే అనుకోండి, అయినా అందులో నేను చేసిన పని ఒక బటన్ రంగు మార్చి, దాని మీద రెండు మీటింగులకి వెళ్లడం. మర్నాడు మూడు వందలు పట్టుకెళ్తే ఆయన తీసుకోలేదు. "మళ్లీ పనుంటాది కదా బాబూ, అప్పుడు ఇద్దురు" అన్నారు.

హార్డ్‌వేర్ ఇక అందరిదీ, డిజైన్లు డౌన్‌లోడ్ చేసుకుని ఎవరైనా ఏదైనా చేసుకోవచ్చు అని మనవాళ్లు సదస్సుల్లో చెప్తుంటారు. నేనూ నమ్మాను. సగం నిజం. బొమ్మ డౌన్‌లోడ్ అవుతుంది, కోడు డౌన్‌లోడ్ అవుతుంది, మోటారు మూడు రోజుల్లో పార్సిలొస్తుంది. పావు మిల్లీమీటరు తేడాని రేకు ముక్కతో, ఆకురాయితో తీసేసే మనిషి ఊళ్లో ఉంటేనే అవన్నీ కలిసి యంత్రం అవుతాయి. లేకపోతే పందిరే. ఆ మనుషులు మా ఉత్తరాంధ్రకి కొత్తవాళ్లు కాదు. నెల్లిమర్ల జూటు మిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయ్స్, విశాఖలో షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ, స్టీలు ప్లాంటు. ఇలాంటి చోట్ల తయారైన చేతులే చిన్న చిన్న షెడ్లలోకి పాకాయి. ఇప్పుడు ఆ షెడ్లలోకి కొత్త చెయ్యి రావడం లేదు. మా మేస్త్రి గారి అబ్బాయి అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం వేటలో ఉన్నాడు. "సంక్రాంతి ఎళ్లాక లేత్ ఇచ్చీద్దామనుకుంటన్నాను, కిలోల్లెక్కన అడిగినాడొకడు" అన్నారాయన, ధర కుదిరితే చాలన్నట్టు.

నేర్పాల్సిన చోట ఏం జరిగిందో కూడా చెప్పాలి. పేరు అనవసరం, మీ కాలేజీలోనూ ఇదే అయ్యుంటుంది. మొదటి ఏడాది వర్క్‌షాపులో వీ-ఫిట్ అని ఒక పని ఇస్తారు. రెండు ఇనప ముక్కల్ని ఆకురాయితో రాసి ఒకదాంట్లో ఒకటి అమిరేలా చెయ్యాలి. నేను ఒక సీనియర్ దగ్గర చేసినది కొన్నాను, ఎనభై రూపాయలకి. అతనూ ఎవరి దగ్గరో కొన్నదే. ఆ ముక్కలు ఎన్ని బ్యాచిలు తిరిగాయో, మూలలు అరిగిపోయి ఉన్నాయి. రికార్డులో సంతకం పడింది. నాలుగేళ్ల తర్వాత మెకానికల్ ఇంజనీరునయ్యాను. సిలబస్ పాతబడిపోయిందని అందరూ తిడతారు గానీ, ఆ సిలబస్‌లో ఉన్న ఆకురాయినే మనం పట్టుకోలేదు.

ఒక మిత్రుడు ఇంకో సలహా ఇచ్చాడు. సారవకోట దగ్గర బుడితి ఉంది కదా, అక్కడి ఇత్తడి, కంచు సామాన్ల మీద ఉండే నగిషీని స్కాన్ చేసి, నా రౌటర్‌తో గంటకి పది ముక్కలు చెక్కి "బుడితి" అని ఇన్‌స్టాలో అమ్మేద్దామట. నేను ఒప్పుకోలేదు. భౌగోళిక గుర్తింపు వచ్చింది అక్కడి చేతిపనికి, బొమ్మకి కాదు. నా యంత్రం చెక్కినదాన్ని ఆ పేరుతో అమ్మితే అది దొంగతనమే, ఎంత నున్నగా వచ్చినా. వాళ్లకి ఏదైనా పనిముట్టు కావాలని వాళ్లే అడిగితే ఆ సంగతి వేరు, రాత్రంతా కూర్చుని చేసిస్తాను.

అలాంటి పని ఒకటి వచ్చింది కూడా. పలాస నుంచి ఒకాయన జీడిపిక్కలు కోసే మిషను విడిభాగం పట్టుకుని మేస్త్రి గారి దగ్గరికి వచ్చాడు. వంపు తిరిగిన గాడి ఉన్న ప్లేటు, అరిగి విరిగింది. చేత్తో రాస్తే ఒకపూట. మేస్త్రి గారు అగ్గిపెట్టె అట్ట మీద కొలతలు రాసి నాకు పంపారు. మూడు పాడుచేశాను, నాలుగోది ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఆయన దాని అంచులు మెత్తగా రాసి, పిన్ను అమర్చి ఇచ్చారు. ఐదు వందలు తీసుకుని నా వాటా 250 నా చేతిలో పెట్టారు. జీతం కాకుండా నేను సంపాదించిన మొదటి డబ్బు. పాత 300 ఇప్పుడైనా తీసుకోమన్నాను. తీసుకున్నారు. పలాస ఆయన తర్వాత ఫోన్ చేసి ఇంకో ఆరు కావాలన్నాడు.

కాబట్టి మిత్రులారా, మీకు ఏ పిచ్చి ఉన్నా, డ్రోనో, టెలిస్కోపో, కాఫీ మిషనో, ఏదో ఒక లోహపు ముక్క కావాల్సి వచ్చినప్పుడు పార్సిల్ వెబ్‌సైటు తెరవకుండా మీ సొంతూళ్లో లేత్ షాపుకి వెళ్లండి. కొలతలు మిల్లీమీటర్లలో రాసి, ఎక్కడ ఎంత తేడా ఫర్వాలేదో కూడా రాసివ్వండి. అడిగినంత ఇవ్వండి. వీలైతే కాసేపు నిలబడి చూడండి. పది మందిమి తరచూ పనులు తీసుకెళ్తే మా ఊరి షెడ్డులో ఒక కుర్రాడి జీతానికి ఆసరా అవుతుంది. నాకు తెలిసి ఇందులో దేశభక్తీ దానధర్మమూ ఏమీ లేవు, ఆ చెయ్యి లేకపోతే మన యంత్రం నడవదు, అంతే.

లేత్ సంగతి ఇంకా తేలలేదు. సంక్రాంతి దాకా గడువుంది. ఆరు ప్లేట్లు నేనూ, ఆయనా కలిసి చేస్తున్నాం. ప్రతి ఆదివారం పొద్దున్నే షాపుకి వెళ్తున్నాను. మొదటి రోజే రెండంగుళాల ఇనప ముక్క చేతికిచ్చి, ఆరు వైపులా చదరంగా రాసి తెమ్మన్నారు, యంత్రం వాడకూడదట. రెండు వైపులు అయ్యాయి. మూడో వైపు మూలమట్టం ఆనించి వెలుతురుకి పెడితే కింద నుంచి సన్నటి గీతలా వెలుగు కనిపిస్తోంది. నెల రోజులయింది. "బేగి అయిపోవాలని రాయకు బాబూ, అరిసేతికి తెలియాల" అంటున్నారు.